నీళ్లకో దారి, మనుషులకో దారి: మీ గల్లీ పటం మీరే గీయండి

2025 సెప్టెంబర్ 26, శుక్రవారం రాత్రి. హైదరాబాద్‌కు ఎగువన హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల గేట్లు ఎత్తారు. మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్లొచ్చాయి. దసరాకు ఊళ్లకు బయల్దేరినవాళ్లు సంచులతో అక్కడే ఇరుక్కుపోయారు. ఆ టైముకి నేను మా గల్లీ మొగదల నిలబడి ఉన్నాను. పుత్లీబౌలి నుంచి చాదర్‌ఘాట్ వైపు దిగే రోడ్డు మీదికి తెరుచుకునే గల్లీ మాది.

కింది బస్తీల నుంచి జనం మూటలతో, పిల్లలతో పైకి ఎక్కుతున్నారు. మా గల్లీవాళ్లు స్కూటర్లు, కార్లు బయటికి తీస్తున్నారు. రోడ్డు నడుమ డివైడర్. గల్లీలోంచి వస్తే ఎడమకే తిరగాలి. ఎడమంటే పల్లం, అంటే మూసీ వైపు. కోఠి వైపు పైకి పోవాలన్నా ముందు కిందికి దిగి, యూ-టర్న్ తీసుకుని, మళ్లీ ఎక్కాలి. ఆ యూ-టర్న్ దగ్గర అప్పటికే పిక్కల లోతు నీళ్లు. ఇంకేం చేస్తారు, అందరూ రాంగ్ రూట్‌లో రోడ్డంచు పట్టుకుని పైకి నడిపారు. ఎదురుగా వెనక్కి మళ్లించిన బస్సులు. వాటి మధ్యన ఓ అరటిపండ్ల బండి, దాని మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న ముసలమ్మ, తోస్తున్నది ఆమె మనవడో, పండ్ల బండాయనో తెలియలేదు.

ముప్ఫై నాలుగేళ్లు రోడ్ల పటాలు గీసిన డ్రాఫ్ట్స్‌మన్‌ని నేను. అలాంటి డివైడర్లు ఈ చేత్తో ఎన్ని గీశానో లెక్క లేదు. గీసేటప్పుడు ట్రాఫిక్ ఎటు పోతుందో చూశాను గానీ నీళ్లు ఎటు పోతాయో, ఆ నీళ్లను చూసి మనిషి ఎటు పరుగెడతాడో ఒక్కసారీ ఆలోచించలేదు. రిటైరయ్యాక తీరిక దొరికింది, ఆ రాత్రి సిగ్గూ వచ్చింది. తర్వాతి నెలల్లో మా గల్లీవాళ్లం కలిసి ఓ పటం తయారు చేశాం. అది ఎలా చేశామో చెబుతాను. కోఠి, నల్లకుంట, అశోక్‌నగర్, మలక్‌పేట, నగరం నడిబొడ్డున పల్లంలో ఉన్న ఏ గల్లీవాళ్లయినా ఇలాగే చేసుకోవచ్చు. ఇంజనీరు అక్కర్లేదు. ఆదివారాలు కావాలి, ఓ పది దాకా.

ముందు మీకు వచ్చే వరద ఏదో తేల్చుకోండి

మన దగ్గర వరద రెండు రకాలుగా వస్తుంది. రెంటికీ ఒకే మందు పనికిరాదు.

మొదటిది నెత్తిన పడే వాన. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు కురిసింది. 2020 అక్టోబర్ 13న 19 సెంటీమీటర్లు. ఇలాంటి వాన అరగంటలోనే గల్లీని కాలువ చేస్తుంది. నీళ్లు పైనుంచి వస్తాయి, వేగంగా పారతాయి. ఆరంగుళాల లోతే ఉన్నా జోరుగా పారే నీళ్లు మనిషి కాళ్లు తప్పిస్తాయి, అడుగు లోతైతే చిన్న కారు తేలుతుంది, రెండడుగులైతే చాలా బళ్లు కొట్టుకుపోతాయి. ఈ వానలో బయటికి పరుగెత్తడం కన్నా మేడ ఎక్కడం మేలు.

రెండోది మూసీ. జంట జలాశయాల గేట్లు ఎత్తిన నిమిషానికే మన గుమ్మంలోకి నీళ్లు రావు. కొన్ని గంటల టైం ఉంటుంది, కబురు ముందే తెలుస్తుంది. నీళ్లు కిందినుంచి మెల్లగా పైకి ఎక్కుతాయి. ఇక్కడ మేడెక్కి కూర్చోవడం తప్పు, రోజంతా చిక్కుకుపోతారు. కబురు రాగానే కదలాలి.

1908 సెప్టెంబర్ 28 వరద గురించి వినే ఉంటారు. దాదాపు పదిహేను వేల మంది పోయారంటారు. ఆ దెబ్బకే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఆయన సలహాతోనే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అంటే ఈ రోజు మనకు దొరికే ఆ కొన్ని గంటల టైం, గేట్లు, సైరన్లు, ఫోన్ మెసేజీలు, ఇదంతా 1908లో వాళ్లకు లేదు. వాళ్లకు దొరికింది చెట్టు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారు. ఆ చెట్టు ఇంకా ఉంది. ఆ దారిన పోతే ఓసారి ఆగి చూడండి, మీ పటంలో ఏం గుర్తు పెట్టాలో అదే చెబుతుంది: దూరంగా ఎక్కడికి పోవాలి అన్నదొక్కటే కాదు, దగ్గర్లో దేని మీదికి ఎక్కాలి అన్నది కూడా. మా గల్లీలో బయటినుంచి మెట్లున్న పక్కా మేడలు నాలుగు తేలాయి. నాలుగిళ్లవాళ్లూ ఒప్పుకున్నారు. ఒకాయన మాత్రం, "చెప్పులు కిందే విడవాలె సార్" అని షరతు పెట్టాడు. సరేనన్నాం.

పారదర్శకపు గొట్టంతో వాలు కొలవడం

ఈ పని అందరికన్నా ఎక్కువగా పిల్లలకు నచ్చుతుంది. తాపీమేస్త్రీల దగ్గర ఉండే వాటర్ లెవెల్ గొట్టం చూశారు కదా, అరంగుళం సన్నటి ప్లాస్టిక్ పైపు. నలభై అడుగులది కొనండి. నీళ్లు నింపి, బుడగ ఒక్కటి కూడా లేకుండా చూసుకోండి. బుడగ ఉంటే లెక్కంతా తప్పు. నీళ్లలో చిటికెడు నీలిమందు కలిపితే మట్టం బాగా కనిపిస్తుంది. ఒకరు గొట్టం ఒక కొస పట్టుకుని గల్లీ పైభాగంలో, ఇంకొకరు రెండో కొసతో ముప్ఫై అడుగులు కింద నిలబడాలి. రెండు కొసల్లో నీళ్లు ఒకే మట్టానికి వస్తాయి. అక్కడినుంచి నేలకు ఎంతుందో రెండు చోట్లా టేపుతో కొలవండి. రెంటికీ ఉన్న తేడాయే ఆ ముప్ఫై అడుగుల వాలు. రాసుకుని ముందుకు జరగండి.

మా గల్లీ పొడవు 420 అడుగులు. మెయిన్ రోడ్డు దాకా మొత్తం వాలు నాలుగడుగుల రెండంగుళాలు, వందకు ఒకటి చొప్పున. వాన నీళ్లు జారిపోవడానికి ఇది పుష్కలం. మరి ప్రతి వానకీ టైలర్ దుకాణం ముందు నీళ్లెందుకు నిలుస్తున్నాయి? గొట్టం చెప్పింది. అక్కడ ఐదంగుళాల గుంత ఉంది. ఆ గుంతకు దిగువన ఒకరు బండి ఎక్కించుకోవడానికి ఇంటి ముందు మోరీ మీద సిమెంటు ర్యాంపు కట్టారు, దాని పక్కనే ఈ అంచు నుంచి ఆ అంచు దాకా స్పీడ్ బ్రేకర్. రెండూ కలిసి చిన్న చెక్‌డ్యామ్ అయ్యాయి. ఇన్నేళ్లూ మేం బల్దియాను, అంటే నగరపాలక సంస్థను, తిట్టుకున్నాం. నీరు పల్లమెరుగు అంటారు, ఆ పల్లాన్ని మేమే కట్టుకున్నామని గొట్టం పట్టుకున్నాక తెలిసింది.

ఇక నీళ్లెన్ని వస్తాయో లెక్క. చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. మా గల్లీలోకి జారే కప్పులు, ఆవరణలు, రోడ్డు అన్నీ కలిపితే ఐదెకరాలు, అంటే రెండు హెక్టార్లు. గంటలో 50 మిల్లీమీటర్లు కురిస్తే పది లక్షల లీటర్లు. ఐదు వేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లు రెండొందలు. నిమిషానికి మూడు ట్యాంకర్లకు పైగా మా గల్లీలో పారబోస్తున్నట్టు. మీటింగులో ఈ లెక్క చెప్పినప్పుడు అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు తలలెత్తారు. మీ గల్లీకి కూడా ట్యాంకర్లలోనే చెప్పండి, లీటర్లు ఎవరికీ అందవు.

పాత గుర్తులు అడిగి తెలుసుకోండి. 2000లో ఎక్కడిదాకా వచ్చింది, 2020లో ఎక్కడిదాకా, మొన్న ఎక్కడిదాకా. ఒకరి మాట నమ్మొద్దు, వరదంటే ప్రతివాళ్లకీ ఒక అడుగు ఎక్కువే గుర్తుంటుంది. ముగ్గురు ఒకే చోటు చూపిస్తే చాక్‌పీసుతో గీయండి. పాత గోడల మీద తేమ చారలు, మీటర్ బాక్సుల కింద తుప్పు, ఇవి మనుషులకన్నా నిజాయితీగా చెబుతాయి.

కదిలే బళ్లను కాదు, ఆగే బళ్లను లెక్కపెట్టండి

ట్రాఫిక్ లెక్క అనగానే అందరూ పోయే బళ్లను లెక్కపెడతారు. నేనూ ముప్ఫై ఏళ్లు అదే చేశాను. ఈసారి తిరగేశాం. సాయంత్రం ఆరు నుంచి ఏడు, నలుగురు పిల్లలు, నాలుగు నోటు పుస్తకాలు. గల్లీ మొగదల ఏ బండి ఎన్నిసార్లు ఆగింది, ఎన్ని సెకన్లు ఆగింది, అది మాత్రమే రాయమన్నాను. పదిహేను నిమిషాల్లో 19 సార్లు ఆటోలు ఆగాయి, సగటున 40 సెకన్ల చొప్పున. అంటే పదిహేను నిమిషాల్లో పన్నెండు నిమిషాలకు పైగా రోడ్డు ఎడమ వరస మూతబడే ఉంది. రెండు వరసల రోడ్డులో మాకు దక్కుతున్నది ఒకటిన్నర కూడా కాదు.

రోడ్డు వెడల్పు చేయాలని అరిచేవాళ్లకు ఈ కాగితం చూపించండి. గరాటు పైభాగం ఎంత పెద్దది చేసినా కాడలోంచి పడేది అంతే పడుతుంది. నగరం నడుమ రోడ్లకు కాడ అంటే చౌరస్తా. చౌరస్తాకు అటూ ఇటూ నూటయాభై అడుగుల మేర ఏ బండీ ఆగకపోతే, ఒక్క ఇల్లు కూల్చకుండా రోడ్డు వెడల్పు ఇంకో సగం పెరిగినట్టే. మా ప్రతిపాదనలో ఆటోలను తరిమేయమని రాయలేదు, తరిమితే పోరు, పోకూడదు కూడా. వంద అడుగులు పైన ఒక ఖాళీ ప్రహరీ గోడ ఉంది. అక్కడ రోడ్డు నాలుగడుగులు ఎక్కువ వెడల్పు. దాని వెంట ఆరు ఆటోలు ఆగేలా గీత గీయమన్నాం. ఆటోవాళ్లతో ముందే చాయ్ తాగుతూ మాట్లాడాం. "ఆడ నీడుంటది, మంచిదే" అన్నారు. గోడ వెంట ఉన్న వేపచెట్టు మా పటంలో లేనే లేదు, ఇంటికొచ్చి గీశాను.

బస్టాప్ సంగతి ఒక్క మాటలో: చౌరస్తాకు ముందు కాకుండా దాటిన తర్వాత ఉండాలి. ముందుంటే ఆగిన బస్సు వెనక ఎడమకు తిరగాల్సిన బళ్లన్నీ ఇరుక్కుంటాయి.

అసలు పని: దారులు పంచడం

ఇప్పుడు ఒక పెద్ద కాగితం మీద గల్లీ గీసి, నీళ్లు పోయే దారికి నీలం, మనుషులు పోయే దారికి పసుపు పెన్సిలు వేయండి. రెండు రంగులు ఒకే గీత మీద పడినచోటల్లా గొడవ ఉన్నట్టు. మా పటంలో మొదటిసారి రంగులు వేస్తే మొత్తం ఆకుపచ్చే కనిపించింది. మాకున్న ఒకే ఒక్క బయటి దారి మెయిన్ రోడ్డు, నీళ్లకు కూడా అదే.

గల్లీ రెండో కొసన బడి గోడ. గోడ అవతల ఆట స్థలం, దాని అవతల ఎత్తైన పై వీధి. ఆ గోడకు ఒకప్పుడు చిన్న దొడ్డి గేటు ఉండేది, ఎన్నో ఏళ్ల కింద తాళం వేశారు. ఆ తాళం తెరిస్తే చాలు, మాకే కాదు, కింది బస్తీల జనానికి కూడా మెయిన్ రోడ్డు తప్పించుకుని మా గల్లీలోంచి పైకి పోయే దారి దొరుకుతుంది. మెయిన్ రోడ్డు బస్సులకు, అంబులెన్సులకు మిగులుతుంది. మీ గల్లీ చివర కూడా ఇలాంటిది ఏదో ఒకటి ఉండే ఉంటుంది: బడి, గుడి, ఫంక్షన్ హాల్, దర్గా ఆవరణ, మూతబడ్డ గోదాం. మూసుకుపోయిన కొస నుంచే పని మొదలుపెట్టండి. కొత్త రోడ్డు వేయడం మన వల్ల కాదు, పాత గేటు తెరిపించడం అవుతుంది.

దిగువకు తీసుకుపోయే దారి ఏదీ పసుపు కాకూడదు. రైలు వంతెన కింది నుంచి పోయే దారులు అసలే కాకూడదు. మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద వానకు నీళ్లు నిలవడం చూడనివాళ్లు ఈ చుట్టుపక్కల ఉండరు.

డివైడర్ విషయం కాస్త వివరంగా చెప్పాలి. సిగ్నళ్లు తీసేసి యూ-టర్న్‌లు పెట్టడం వల్ల మామూలు రోజుల్లో ట్రాఫిక్ బాగానే పోతుంది, నేను కాదనను. కానీ వాలు రోడ్డు మీద ఎడమ పక్క గల్లీలకూ కుడి పక్క గల్లీలకూ న్యాయం ఒకటి కాదు. ఎడమకు తిరిగితే మిట్ట వచ్చే గల్లీవాడు బతికిపోయాడు. ఎడమకు తిరిగితే పల్లం వచ్చే గల్లీవాడు ముందు వరదలోకి దిగి, తర్వాత పైకి ఎక్కాలి. మీ గల్లీ ఏ రకమో ఈ రోజే బయటికి వెళ్లి చూసుకోండి. రెండో రకమైతే, గల్లీకి ఎదురుగా డివైడర్‌లో పదిహేను అడుగుల తెరిచే భాగం అడగండి. మామూలుగా గొలుసుతో మూసి ఉంటుంది, లేదా ఇద్దరు మనుషులు ఎత్తి పక్కన పెట్టగల దిమ్మెలు ఉంటాయి. వరద రోజు ట్రాఫిక్ పోలీసు తెరిస్తే మా బళ్లు అడ్డంగా దాటి నేరుగా పైకి పోతాయి. ఇంకో లాభం కూడా ఉంది: నిండుగా కట్టిన డివైడర్ నీళ్లకు కూడా గోడే. అడుగున అక్కడక్కడ సందులు వదిలితే నీళ్లు ఒక పక్కే పేరుకోవు.

వరద రోజు కరెంటు పోతుంది, సిగ్నళ్లు ఆరిపోతాయి. అందుకే సిగ్నల్ లేకున్నా నడిచే ఏర్పాటు కావాలి. మా పటంలో ఆ రోజు మెయిన్ రోడ్డు పై భాగమంతా ఒకవైపే, పైకి. కోఠి, ఆబిడ్స్ జనానికి వన్‌వేలు కొత్త కాదు, ముందే చెప్పి, బోర్డు ఉంటే ఒప్పుకుంటారు.

గల్లీ లోపల పార్కింగ్ దగ్గరే అసలు టెన్షన్. మా గల్లీ వెడల్పు 24 అడుగులు. రెండు పక్కలా గోడ వెంట బండ్లు పెడితే ఆరూ ఆరూ పన్నెండు పోయి పన్నెండు మిగలాలి, కాగితం మీద. ఫైరింజన్‌కు ఆ పన్నెండు సరిపోతుంది కూడా. నిజంగా కొలిస్తే ఒక చోట తొమ్మిది అడుగులే తేలింది. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, దాన్ని ఆనుకుని ఒకాయన కారు. కవర్ వేసి ఉంచే కారు, టైర్లలో గాలి లేదు. ఆ కారు గురించి మూడు ఆదివారాలు పోయాయి. చివరికి కుదిరిన ఒప్పందం ఇది: జూన్ నుంచి అక్టోబర్ దాకా ఒక పక్కే పార్కింగ్. దుకాణాల సరుకు దించుకోవడం పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపు. చాదర్‌ఘాట్ చిన్న వంతెన మూసేశారన్న కబురు రాగానే అందరూ కార్లు తీసి పై వీధిలో పెట్టాలి. నీళ్లు మన దాకా రాకముందే ఆ వంతెనకు వస్తాయి, అంతకన్నా మంచి గంట లేదు. ఆ పాత కారు ఇప్పుడు పై వీధిలోనే ఉంది, కవర్‌తో సహా.

రోడ్డు ఉపరితలం సంగతి మేస్త్రీలతో, కాంట్రాక్టరుతో మాట్లాడేటప్పుడు అవసరమవుతుంది, గుర్తు పెట్టుకోండి. 24 అడుగుల తారు రోడ్డుకు నడుమ భాగం అంచుకన్నా మూడు, మూడున్నర అంగుళాలు ఎత్తుండాలి. అప్పుడే నీళ్లు అంచులకు జారతాయి. కొత్త తారు వేసే ముందు పాత పొర గీకమని కచ్చితంగా అడగండి. గీకకుండా పొర మీద పొర వేస్తూ పోతే కొన్నేళ్లకు రోడ్డు గుమ్మం కన్నా పైకి వస్తుంది, మీ ఇల్లే మోరీ అవుతుంది. మా పక్కింటాయన ఇంటికి ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కాలి. ఇప్పుడు ఒకటి దిగాలి. స్పీడ్ బ్రేకర్‌కు రెండంచులా అడుగు సందు వదలాలి. వాన నీళ్లు కాలువలోకి దిగే ఇనుప జాలీలు పల్లంలో, చౌరస్తాకు ఎగువన ఉండాలి, దిగువన పెడితే నీళ్లు చౌరస్తా దాటాకే వాటికి అందుతాయి. ఫుట్‌పాత్ ఆరంగుళాల ఎత్తు చాలు. అంతకన్నా ఎత్తు కడితే ముసలివాళ్లు ఎక్కలేక రోడ్డు మీదే నడుస్తారు.

నీళ్లు తొందరగా పోతాయని మ్యాన్‌హోల్ మూత తీయొద్దు. ఎవరు చెప్పినా తీయొద్దు. నిండిన రోడ్డు మీద ఆ గొయ్యి కనిపించదు. ఈ నగరంలో అలా పోయిన ప్రాణాలు ఉన్నాయి.

ఓ ఆదివారం ఆడి చూడండి

కాగితం మీద గీసినది రోడ్డు మీద పరీక్షించకుండా ఆఫీసుకు పట్టుకుపోవద్దు. ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌లో ముందుగా అడిగి, పొద్దున ఏడింటికి పెట్టుకోండి. పాత పెయింట్ డబ్బాల్లో ఇసుక నింపి వాటిని దిమ్మెలుగా వాడాం. చాక్‌పొడితో గీతలు. ముగ్గు వేసే చేతులకు ఈ పని అప్పగించండి, నాకన్నా తిన్నగా గీశారు.

మొత్తం 64 మందిమి. గల్లీ మొగదల నుంచి బడి గేటు దాకా నడవాలి, 420 అడుగులు. వయసులో ఉన్నవాళ్లకు రెండు నిమిషాలు పట్టింది. చక్రాల కుర్చీలో ఉన్న మామ్మగారికి తొమ్మిది. కుర్చీ చక్రం రెండు చోట్ల ఇరుక్కుంది. ఒకటి ఆ ర్యాంపు దగ్గరే. యజమాని కళ్లారా చూశాడు, మరుసటి వారం తనే కొట్టించేశాడు. మేం మాటలతో సాధించలేనిది అది.

అంతా అయ్యి గేటు దగ్గరికి వస్తే తాళం. చెవి వాచ్‌మన్ దగ్గర ఉంది, వాచ్‌మన్ పెళ్లికి నల్గొండ పోయాడు. మరో చెవి కోసం హెడ్‌మిస్ట్రెస్ మేడంకు ఫోన్ చేసి, ఆమె ఆటోలో వచ్చేసరికి ఇరవై ఐదు నిమిషాలు. 64 మందిమి గోడ నీడన నిలబడి ఇడ్లీ పొట్లాలు తిన్నాం. నిజం వరదలో ఆ ఇరవై ఐదు నిమిషాలు ఎలా ఉండేవో ఎవరూ పైకి అనలేదు.

గోడల మీద గుర్తులు ఆ రోజే వేశాం. పాత వరద మట్టం దగ్గర నీలం పట్టీ. పైకి పోయే దిశలో పసుపు బాణాలు, ఐదడుగుల ఎత్తున. నేల మీద వేసిన బాణం వరద రోజు నీళ్ల కింద ఉంటుంది, ఇది నాకు ఓ పదో తరగతి అమ్మాయి చెప్పింది. బాణాల మీద రేడియం స్టిక్కర్, కరెంటు పోతే సెల్‌ఫోన్ లైటుకు మెరుస్తుంది. మేడెక్కగల నాలుగిళ్ల ముందు మెట్ల బొమ్మ. తెలుగులో, ఉర్దూలో, బొమ్మలో, మూడు రకాలుగానూ.

కాగితం పట్టుకుని ఆఫీసులకు

ఇక్కడ చాలామంది చేసే తప్పు అన్నీ ఒకే అర్జీలో రాయడం. రోడ్డు మీద ఒక్కో వస్తువుకు ఒక్కో యజమాని ఉంటాడు. రోడ్డు, ఫుట్‌పాత్, వాన నీటి కాలువ బల్దియావి. మురుగునీటి మ్యాన్‌హోల్ జలమండలిది, అంటే నగరానికి నీళ్లు, మురుగు చూసే బోర్డుది. సిగ్నల్, వన్‌వే, పార్కింగ్ ట్రాఫిక్ పోలీసులవి. ట్రాన్స్‌ఫార్మర్ కరెంటోళ్లది. నాలా మీద ఆక్రమణ ఉంటే, అలాంటివి తొలగించడానికి 2024లో పెట్టిన హైడ్రా సంస్థ ఉంది. ఒకే పటం, కానీ ఒక్కో ఆఫీసుకు వేరే ఉత్తరం, అందులో వాళ్ల చేతిలో ఉన్న పని మాత్రమే రాయండి, మూడుకు మించకుండా. సోమవారం జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి, రసీదు నంబరు అడిగి తీసుకోండి. ఫొటో తీసి గల్లీ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఒక చోట మా కాగితం రెండుసార్లు కనపడకుండా పోయింది. మూడోసారి నలుగురు ఆడవాళ్లు, ఇద్దరు దుకాణదార్లు, ఒక ఆటో అన్న కలిసి వెళ్లి ఇచ్చారు. అది పోలేదు.

పటం మీద భాష మాత్రం వాళ్లది వాడండి. "నీళ్లు నిలుస్తున్నాయి" అంటే ఫైలు కదలదు. "మొగదల నుంచి 180 అడుగుల దగ్గర ఐదంగుళాల గుంత, ఒక ఇనుప జాలీ కావాలి" అంటే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు ఎస్టిమేట్ వేయగలరు. ఎంత ఖర్చవుతుందని కూడా ఊహించి రాయొద్దు, అది వాళ్ల పని, మనం రాస్తే చిరాకు పడతారు. నేనూ పడేవాణ్ని.

ఇప్పటిదాకా అయినవి: స్పీడ్ బ్రేకర్ అంచుల్లో సందులు, ఒక జాలీ, ఆటోల గీత. డివైడర్‌లో తెరిచే భాగం ఇంకా కాలేదు. దాని బదులు ట్రయల్ అని ప్లాస్టిక్ బారికేడ్లు రెండు పెట్టారు. గాలికి అవి రోజుకో పక్కకు జరుగుతుంటే పొద్దున పాల ప్యాకెట్లకు పోయేటప్పుడు నేనే సర్ది వస్తున్నాను.

బడి గేటు చెవులు ఇప్పుడు మూడు. ఒకటి మేడం దగ్గర, ఒకటి వాచ్‌మన్ దగ్గర, ఒకటి మొగదల ఇరానీ హోటల్ గల్లాలో. రోజువారీ అడ్డదారిగా వాడబోమని మేం బడికి రాసిచ్చాం, పిల్లల భద్రత వాళ్ల బాధ్యత కదా. తాళం కూడా మార్చాం, చిన్నది, సుత్తితో రెండు దెబ్బలు కొడితే విరిగేది. సుత్తి గేటు పక్కింటివాళ్ల వరండాలో మేకుకు వేలాడుతోంది. హోటల్ రాత్రి పన్నెండింటికి మూసేస్తారు కాబట్టి నాలుగో చెవి చేయించడానికి ఈ ఆదివారం సుల్తాన్ బజార్ వెళ్తున్నాం.